బేరింగు ఉత్తరం, బూటకపు బాకీ

ఈ మధ్య సంఘాల తనిఖీకి వెళ్ళినపుడు, పుస్తకాలు చూడటం ముగించి బయటకు వచ్చేసరికి, పాలు పోయటానికి వచ్చిన సభ్యులు మమ్ములను ఒక ప్రశ్న అడుగుతున్నారు. అది వెన్న శాతం గురించి కాదు, దాణా ధర గురించీ కాదు. "అయ్యా, పోస్టాఫీసుకు ఏదో బాకీ ఉన్నామని సెల్‌ఫోనుకు మెసేజి వచ్చింది. కట్టమంటారా, మానమంటారా?" అని. మూడు నాలుగు సంఘాలలో ఇదే మాట విన్న తరువాత, ఒక్కొక్కరికి విడివిడిగా జవాబు చెప్పేకంటే ఈ పత్రిక ద్వారా అందరికీ వివరించటం మేలని తోచినది. తపాలా వ్యవహారంతో పాల సంఘానికి పనేమిటని ఎవరైనా అనవచ్చు. పూర్వం పాల బిల్లు చేతికి ఇచ్చేవారు, కొంగున ముడి వేసుకుని ఇంటికి పోయేవారు. ఇప్పుడది బ్యాంకు ఖాతాలో పడుతున్నది. ఆ ఖాతా తాళంచెవి సెల్‌ఫోనులో ఉన్నది. కావున ఇది మన సంగతే.

మా పరిధిలోని ఒక సంఘంలో జరిగినది ముందుగా చెబుతాము. ఆ సభ్యురాలికి మూడు పాడి గేదెలు. పూటకు పది లీటర్లకు తగ్గకుండా పోస్తుంది, పన్నెండేళ్ళుగా ఒక్క పూట మానలేదని కార్యదర్శి చెప్పారు. హైదరాబాదులో ఉన్న కూతురు బట్టలు పార్సెలు చేశానని ఫోనులో చెప్పినది. మరునాడే సెల్‌ఫోనుకు మెసేజి వచ్చినది. పార్సెలు గిడ్డంగికి చేరిందనీ, చిరునామా సరిగా లేనందున రెండుసార్లు తెచ్చి తిరిగి తీసుకుపోయామనీ, 48 గంటలలో వివరాలు సరిచేసి 25 రూపాయలు కట్టకపోతే వెనక్కు పంపుతామనీ దానిలో ఉన్నది. క్రింద ఒక లింకు. తొమ్మిదో తరగతి చదివే మనుమడు ఆ లింకు నొక్కాడు. తపాలా శాఖ గుర్తుతో ఎర్రగా, చక్కగా ఒక పేజీ తెరుచుకున్నది. పేరు, ఊరు, బ్యాంకు కార్డు మీది పదహారు అంకెలు, వెనుకనున్న మూడు అంకెలు అడిగింది. నింపాడు. అంతలో బ్యాంకు నుండి ఓటీపీ వచ్చింది. ఆ మెసేజిలో 18,400 రూపాయల కొనుగోలుకు అని స్పష్టంగా ఉన్నది. పిల్లవాడు చివరనున్న ఆరు అంకెలు చూసుకున్నాడు గాని ముందున్న అంకెలు చూడలేదు. 25 రూపాయలనుకున్నది 18,400 రూపాయలై పోయింది. గేదె రుణం కిస్తీకని రెండు బిల్లులు కదపకుండా ఉంచుకున్న సొమ్ము అది.

ఆ పిల్లవాణ్ణి ఇంట్లో కొట్టారని తెలిసి మాకు బాధ కలిగినది. చదువుకున్నవాళ్ళు, బ్యాంకులో పనిచేసి పదవీ విరమణ పొందినవాళ్ళు కూడా ఇదే విధంగా మోసపోయారు. ఇందులో తెలివితక్కువతనం కంటే తపాలా బాకీ అనేది నిజానికి ఎట్లా ఉంటుందో తెలియకపోవటమే ఎక్కువ. అసలుది తెలిసినవానికి నకిలీ వెంటనే తెలుస్తుంది. నీళ్ళు కలిపిన పాలను లాక్టోమీటరు ముంచకముందే చేతితో చూసి చెప్పే పాలవాళ్ళు మన సంఘాలలో ఎందరో ఉన్నారు గదా. కావున ముందు అసలు బాకీని గురించి చెప్పుకుందాము.

నిజమైన తపాలా బాకీ

యాభై ఏళ్ళు దాటినవారికి బేరింగు ఉత్తరం అంటే వేరే చెప్పనక్కరలేదు. స్టాంపు అంటించకుండానో, తక్కువ అంటించో డబ్బాలో వేసిన ఉత్తరమది. దానిని పోస్టాఫీసు వారు పారవేయరు. ఎంత తక్కువైతే అంతకు రెట్టింపు లెక్కకట్టి, ఆ సొమ్ము కవరు మీదనే వేసి, ముద్ర కొట్టి పంపుతారు. పోస్టుమాన్ ఇంటికి తెచ్చి, డబ్బు తీసుకుని ఉత్తరం చేతికిస్తాడు. మన దేశంలో 1854లో దేశమంతటికీ ఒకే రేటు స్టాంపులు వచ్చిననాటి నుండి ఈ రెట్టింపు పద్ధతి తెలిసినదే. అంతకు ముందు దూరాన్ని బట్టి ధర, అది కూడా ఎక్కువగా పుచ్చుకునేవాడే ఇచ్చుకోవలసి వచ్చేది.

మా చిన్నతనంలో కొందరు కావాలనే బేరింగులో వేసేవారు. స్టాంపు అంటించిన ఉత్తరమైతే పోస్టుమాన్ ఎక్కడైనా పడవేయవచ్చు, బేరింగు ఉత్తరమైతే డబ్బు వసూలు చేసి ఆఫీసులో లెక్క చెప్పాలి గనుక తప్పక తెచ్చి ఇస్తాడని వారి నమ్మకం. పాపం, పోస్టుమాన్ల మీద ఆ అనుమానం న్యాయం కాదు. అయినా ఆ నమ్మకంలో ఒక మంచి విషయం ఉన్నది. బాకీ, ఉత్తరం రెండూ ఒకే చేతిలో, ఒకేసారి గుమ్మం ముందుకు వస్తాయి. ఇది గట్టిగా గుర్తుంచుకోవలెను.

ఇంకొకటి. బేరింగు ఉత్తరం తీసుకోవాలనే నిర్బంధం ఎవరికీ లేదు. కవరు విప్పకుండా వెంటనే "నాకు అక్కరలేదు" అని తిరిగి ఇచ్చివేస్తే పుచ్చుకునేవాని మీద బాకీ ఉండదు. ఉత్తరం పంపినవానికి తిరిగి పోతుంది, అతని వద్ద వసూలు చేస్తారు. విప్పితే మాత్రం కట్టవలసినదే. 1898 నాటి పోస్టాఫీసు చట్టంలో ఈ సంగతి వ్రాసి ఉండేది. ఆ పాత చట్టం స్థానంలో 2023లో చేసిన కొత్త చట్టం 2024 జూన్ 18 నుండి అమలులోకి వచ్చినది. చట్టం మారినా, తాను కోరని ఉత్తరానికి ఎవరూ ఇంటికి వచ్చి జరిమానా వేయరు. ఉత్తరం కాదన్నంత మాత్రాన పోలీసులు రారు, బ్యాంకు ఖాతా ఆగదు, రేషను కార్డు పోదు.

సందర్భం వచ్చినది గనుక మన సంఘాల తప్పు కూడా ఒకటి చెప్పక తప్పదు. కొన్నేళ్ళ క్రిందట ఒక సంఘంలో సర్వసభ్య సమావేశం నోటీసులు పంపారు. నోటీసుతోపాటు వార్షిక నివేదిక, ఆస్తి అప్పుల పట్టిక కలిపి కుట్టారు. కవరు బరువు 20 గ్రాములు దాటింది. అప్పటి రేటున 20 గ్రాముల వరకు 5 రూపాయలు, ఆపైన మరో 20 గ్రాములకు ఇంకో 5 రూపాయలు. వీరు అన్నిటికీ 5 రూపాయల స్టాంపే అంటించారు. 5 రూపాయలు తక్కువ, కాబట్టి రెట్టింపు 10 రూపాయలు ప్రతి సభ్యుని గుమ్మంలో అడిగారు. "సంఘం కాగితానికి మేము డబ్బు కట్టటమేమిటి?" అని సగం మంది తిప్పికొట్టారు. కవర్లన్నీ కట్టలుగా సంఘానికి తిరిగి వచ్చాయి. సంఘం 10 రూపాయల చొప్పున కట్టి విడిపించుకోవలసి వచ్చినది. అంతటితో పోలేదు. ఆ సమావేశంలో జరిగిన ఎన్నిక చెల్లదని, తమకు నోటీసు అందలేదని ఇద్దరు సభ్యులు ఫిర్యాదు చేశారు. 5 రూపాయల స్టాంపు తగ్గినందుకు ఏడు నెలలు విచారణ నడిచింది. దాణా బస్తాలు తూచే కాటా మీద కవరు బరువు తెలియదు. ఒక నమూనా కవరు పోస్టాఫీసుకు పట్టుకుపోయి అక్కడి తూకం మీద పెట్టించి, ఆ తరువాతే స్టాంపులు కొనవలెను.

సంఘానికి వచ్చిన బేరింగు కవరుకు కార్యదర్శి డబ్బు కట్టినపుడు, ముద్ర ఉన్న ఆ ఖాళీ కవరును వోచరుకు జతపరచవలెను. తపాలా ఖర్చుల పద్దులో "బేరింగు, రూ.10" అని మాత్రమే వ్రాసి ఆధారం చూపకపోతే మేము ఆ ఖర్చును అభ్యంతరంలో పెడతాము. ముందుగానే చెబుతున్నాము.

పార్సెలు సంగతి

ఉత్తరాన్ని ఎవరైనా డబ్బాలో వేసి పోవచ్చు గనుక స్టాంపు తక్కువ పడటానికి వీలున్నది. పార్సెలు అట్లా కాదు. దానిని కౌంటరు వద్దనే తూచి, రుసుము ముందుగా కట్టించుకుని, నంబరు వేసి, రసీదు ఇచ్చి తీసుకుంటారు. స్పీడ్ పోస్టు కూడా అంతే. అటువంటప్పుడు మన ఊరి దాకా వచ్చిన పార్సెలుకు 25 రూపాయలు తపాలా రుసుము తగ్గిందని ఎక్కడి నుండి వస్తుంది? ఈ ఒక్క ప్రశ్న వేసుకున్నా ఆ మెసేజి అక్కడే తేలిపోతుంది.

విదేశం నుండి వచ్చిన పార్సెలుకు కస్టమ్స్ సుంకం పడవచ్చు, అది నిజమే. ఆ సుంకం కూడా పార్సెలు ఇచ్చేటప్పుడు పోస్టాఫీసు వారే తీసుకుంటారు, దానికి రసీదు ఉంటుంది. పోస్టుమాన్ వచ్చిన సమయానికి ఇంట్లో ఎవరూ లేకపోతే చీటీ ఒకటి వదలిపోతాడు. గుర్తింపు కార్డు పట్టుకుని పోస్టాఫీసుకు పోతే పార్సెలు ఇస్తారు.

"చిరునామా సరిచేయండి" అనే ఈ మెసేజి గురించి 2024లో కేంద్ర ప్రభుత్వ పత్రికా సమాచార కార్యాలయం వారి నిజ నిర్ధారణ విభాగం బహిరంగంగానే హెచ్చరించినది. వస్తువు అందజేయటానికి చిరునామా మార్చుకోమని తపాలా శాఖ ఇటువంటి మెసేజిలు పంపదని స్పష్టం చేసినది. అయినా ఆగలేదు. పేజీ రంగు మార్చి, అడిగే సొమ్ము మార్చి మళ్ళీ వస్తూనే ఉన్నది.

ఆ మెసేజిని మేము ఆ సభ్యురాలి ఫోనులో చూశాము. పది అంకెల మామూలు సెల్ నంబరు నుండి వచ్చినది. సంస్థలు పంపే మెసేజిలు అట్లా రావు, నంబరు స్థానంలో ఇంగ్లీషు అక్షరాల పేరు ఉంటుంది. 2025 మే నుండి ఆ పేరు చివర ఒక గీత, గీత తరువాత ఒక అక్షరం కూడా వస్తున్నది. ప్రభుత్వ సమాచారమైతే జి, సేవలకు సంబంధించినదైతే ఎస్, లావాదేవీ అయితే టి, వ్యాపార ప్రకటన అయితే పి. ఇక లింకు సంగతి. తపాలా శాఖ చిరునామా ఇండియాపోస్ట్ అని మొదలై గవ్ డాట్ ఇన్ అని ముగుస్తుంది. ఆ మెసేజిలో ఇండియాపోస్ట్‌ను పోలిన అక్షరాలు ఉన్నాయి గాని చివర ఏదో ఊరూ పేరూ లేని తోక. పేరు మొదట కాదు, తోక చూడవలెను. గేదెలను కొనేటప్పుడు కొమ్ములకు రంగు వేస్తారని తెలిసి పొదుగు తట్టి చూసేవాళ్ళం మనం.

మరొకటి కూడా గమనించాము. దానిలో పార్సెలు నంబరు లేదు. తపాలా వస్తువుకు పదమూడు గుర్తుల నంబరు ఉంటుంది. మొదట రెండు ఇంగ్లీషు అక్షరాలు, తరువాత తొమ్మిది అంకెలు, చివర భారతదేశానికి గుర్తుగా ఐ, ఎన్ అనే రెండు అక్షరాలు. పంపినవారి రసీదు మీద అది ఉంటుంది. ఆ సభ్యురాలు కూతురికి ఫోను చేసి రసీదు నంబరు అడిగి, మన ఊరి పోస్టాఫీసులో చెప్పి ఉంటే పార్సెలు ఎక్కడున్నదో అక్కడే తెలిసేది. ఇంటర్నెట్టు తెలిసినవారు శాఖ వెబ్‌సైటులో చూసుకోవచ్చు. తపాలా శాఖ ఉచిత ఫోను 1800 266 6868.

ఏ ఓటీపీ ఎవరికి?

ఇక్కడ సభ్యులు ఒక చిక్కు ప్రశ్న అడిగారు. "ఓటీపీ ఎవరికీ చెప్పవద్దంటారు. సామాను తెచ్చిన కుర్రవాడు ఓటీపీ చెప్పనిదే ఇవ్వనంటాడు. ఏది నిజం?" రెండూ నిజమే. వస్తువు అందినట్లు రుజువుకు ఇచ్చే అంకెలు వేరు, బ్యాంకు ఇచ్చే అంకెలు వేరు. తపాలా శాఖ కూడా 2025 అక్టోబరు 1 నుండి స్పీడ్ పోస్టులో అదనపు రుసుముపై ఓటీపీ చూసి అందజేసే సౌకర్యం పెట్టినది. అటువంటి ఓటీపీని మనిషి ఎదురుగా నిలబడి ఉండగా, వస్తువు మీద మన పేరు చూసుకుని చెప్పవచ్చు. బ్యాంకు ఓటీపీ మెసేజిలో రూపాయల మాట ఉంటుంది, బ్యాంకు పేరు ఉంటుంది. దానిని పోస్టుమాన్‌కు గాని, కొరియరు కుర్రవానికి గాని, సంఘం కార్యదర్శికి గాని, మాకు గాని చెప్పరాదు. ఇంగ్లీషు చదవలేనివారు కనీసం అంకెలైనా పూర్తిగా చూడవలెను. ఒకే మెసేజిలో రెండు అంకెలు ఉంటే, రెండోది ఎంత సొమ్మో తెలిసేవరకు ఏదీ నొక్కరాదు.

అట్లాగే యూపీఐ పిన్ సంగతి. మన ఖాతాలో నుండి డబ్బు పంపటానికి పిన్ కావాలి. డబ్బు రావటానికి అక్కరలేదు. "మీ పార్సెలు డబ్బు వాపసు చేస్తున్నాము, పిన్ నొక్కండి" అన్నవాడు తెచ్చి ఇచ్చేవాడు కాడు, పట్టుకుపోయేవాడు.

అడగని పెట్టె

మా బడి రోజులలో వార పత్రికల వెనుక పేజీలలో ఒక ప్రకటన వచ్చేది. తొమ్మిది గళ్ళలో అంకెలు నింపండి, ఎటు కూడినా 15 రావాలి, గెలిచినవారికి ట్రాన్సిస్టరు రేడియో బహుమతి అని. ఎవరు నింపి పంపినా గెలిచేవారే. కొన్నాళ్ళకు వి.పి.పి. వచ్చేది, పోస్టుమాన్‌కు డబ్బు కట్టి విడిపించుకుంటే లోపల పనికిమాలిన డబ్బా. మా వీధిలో ఒకాయన పెట్టెలో ఇటుక ముక్క వచ్చిందని ఊరంతా చూపించాడు. ఆ పెట్టెను చాలా కాలం ఇంట్లో దాచుకున్నాడు కూడా, ఎందుకో తెలియదు.

ఇప్పుడు దాని పేరు క్యాష్ ఆన్ డెలివరీ. ఇంటి యజమాని పొలంలో ఉన్న సమయం చూసి ఆయన పేరున పెట్టె వస్తుంది, 499 రూపాయలో 799 రూపాయలో ఇవ్వమంటారు. ఇంట్లో ఉన్న ముసలమ్మ కొడుకే తెప్పించుకున్నాడేమోనని కట్టివేస్తుంది. తెచ్చినవాడికి సాధారణంగా ఏ పాపమూ తెలియదు. వానితో తగవు అనవసరం, తీసుకోకుండా తిరిగి పంపటమే. తెప్పించుకున్న వస్తువు వస్తుందని తెలిస్తే ముందే ఇంట్లో చెప్పిపెట్టుకోవలెను. చెప్పని పెట్టెకు డబ్బు ఇవ్వరాదు.

సంఘాలకు ఇదే నియమం ఇంకా గట్టిగా వర్తిస్తుంది. పాల పరీక్ష యంత్రం విడిభాగం వచ్చిందనీ, రవాణా బాకీ కడితేగాని గిడ్డంగి నుండి విడుదల కాదనీ ఒక కార్యదర్శికి ఫోను వచ్చినది. ఆయన చేసిన పని మాకు నచ్చింది. తీర్మానాల పుస్తకం తెరిచి, అటువంటి కొనుగోలుకు పాలకవర్గం తీర్మానమే లేదు గదా అని అడిగారట. అవతలివాడు ఫోను పెట్టేశాడు. తీర్మానం లేని కొనుగోలుకు ఆర్డరు లేదు, ఆర్డరు లేని పార్సెలుకు వోచరు లేదు. మేము ఏళ్ళ తరబడి ఈ మాట చెబుతుంటే విసుక్కునే కార్యదర్శులున్నారు. అది ఈ విధంగా అక్కరకు వస్తుందని మేమూ అనుకోలేదు.

భయపెట్టే ఫోను

వీటన్నిటికంటే ప్రమాదమైనది ఒకటున్నది. 25 రూపాయల ఊసు ఎత్తరు. "మీ ఆధార్ నంబరుతో విదేశానికి ఒక పార్సెలు పోతుంటే పట్టుకున్నాము. దానిలో మత్తు మందులు, దొంగ పాస్‌పోర్టులు ఉన్నాయి" అంటారు. మొదట కొరియరు మనిషినంటాడు, తరువాత పోలీసు అధికారి అంటూ ఇంకొకడు వీడియోలో కనిపిస్తాడు. వెనుక పోలీసు స్టేషను గోడ, భుజాన నక్షత్రాలు అన్నీ ఉంటాయి. ఫోను పెట్టరాదు, గది నుండి కదలరాదు, ఇంట్లోవాళ్ళకు చెప్పరాదు, మిమ్ములను డిజిటల్ అరెస్టు చేశాము అంటారు. విచారణ కొరకని ఖాతాలోని సొమ్మంతా వారు చెప్పిన ఖాతాకు పంపమంటారు. జీవితమంతా కూడబెట్టినది పోగొట్టుకున్నవారున్నారు.

చట్టంలో డిజిటల్ అరెస్టు అనేది లేదు. 2024 అక్టోబరు 27న ప్రధానమంత్రి తన రేడియో ప్రసంగంలో ఈ విషయమే చెప్పారు. ఏ పోలీసూ, ఏ కస్టమ్స్ అధికారీ వీడియోలో అరెస్టు చేయడు, కేసు మాఫీకి ఫోనులో డబ్బు అడగడు. ఇంట్లోవాళ్ళకు చెప్పవద్దన్న మాట వినిపించగానే ఫోను పెట్టివేసి, మొదట ఇంట్లోవాళ్ళకే చెప్పవలెను.

మరికొందరు కొరియరు మనిషినంటూ, దారి తెలియటం లేదు, నక్షత్రం గుర్తు పెట్టి 21 లేక 401 నొక్కి, తరువాత మేము చెప్పే నంబరు నొక్కండి అంటారు. అట్లా నొక్కితే మనకు వచ్చే ఫోన్లు వారికి మళ్ళిపోతాయి. బ్యాంకు ఫోను చేసి ఓటీపీ చెప్పినా వారే వింటారు. పొరపాటున నొక్కినవారు హాష్, హాష్, 002, హాష్ అని నొక్కితే ఆ మళ్ళింపులు రద్దవుతాయి. వాట్సాప్‌లో పార్సెలు రసీదు అని ఏపీకే ఫైలు పంపేవారు కూడా ఉన్నారు. రసీదు అనేది చూసే కాగితం, ఫోనులో ఎక్కించుకునే సరుకు కాదు. దానిని తెరవరాదు.

విదేశాలలో పిల్లలున్న సభ్యులు వారికి కూడా చెప్పవలెను. అమెరికాలో అక్కడి తపాలా శాఖ పేరున, బ్రిటనులో రాయల్ మెయిల్ పేరున అచ్చంగా ఇటువంటి మెసేజిలే వస్తున్నాయి. అమెరికా తపాలా శాఖ, వినియోగదారుడు తానుగా కోరనిదే మెసేజి పంపదనీ, పంపిన దానిలో లింకు ఉండదనీ ప్రకటించినది. బ్రిటనులో రుసుము నిజంగా బాకీ ఉంటే గుమ్మం వద్ద బూడిదరంగు కార్డు వదలిపోతారు. దేశం ఏదైనా అసలు బాకీ గుమ్మం దగ్గరకే వస్తున్నది చూడండి.

డబ్బు పోయిన తరువాత

మోసపోయామని తెలిసిన క్షణం 1930 నంబరుకు ఫోను చేయవలెను. ఇది సైబరు నేరాలకు దేశమంతటా పనిచేసే నంబరు. దొంగ ఖాతాలో పడిన సొమ్మును అక్కడి నుండి కదలకుండా నిలుపుదల చేయించే ఏర్పాటు దీనికి ఉన్నది. కాని వారు కూడా ఆలస్యం చేయరు, ఒక ఖాతా నుండి మరో ఖాతాకు గంటలలో తిప్పివేస్తారు. అందుచేత ఊళ్ళో పరువు పోతుందేమోనని రాత్రంతా ఆలోచించుకుని తెల్లవారి చెప్పేవారికి సొమ్ము దొరకటం కష్టం. వెంటనే బ్యాంకుకు కూడా చెప్పి కార్డు ఆపించి, ఫిర్యాదు నంబరు వ్రాసుకోవలెను. 2017లో రిజర్వు బ్యాంకు జారీచేసిన ఆదేశాలలో, ఖాతాదారుడు తానే అంకెలు చెప్పి నష్టపోయినపుడు బ్యాంకుకు తెలియజేసేవరకు జరిగిన నష్టం అతనిది, తెలియజేసిన తరువాత జరిగినది బ్యాంకుది అని ఉన్నది. గంట గంటకూ విలువ ఉన్నదన్నమాట. ఆ తరువాత సైబరుక్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్ అనే ప్రభుత్వ వెబ్‌సైటులో ఫిర్యాదు నమోదు చేయవచ్చు. చేతగానివారు పోలీసు స్టేషనుకు పోవచ్చు.

మా మనవి ఒకటి. పాల బిల్లు పడే ఖాతాకు కార్డు గాని, యూపీఐ గాని తగిలించకుండా ఉంచుకుని, బజారు ఖర్చులకు చిన్న ఖాతా వేరే పెట్టుకోవటం మంచిది. రెండు ఖాతాలు ఎందుకు, బ్యాంకు చుట్టూ తిరగలేమనే సభ్యుల అభ్యంతరం మాకు తెలుసు. కనీసం కార్డు మీద రోజువారీ పరిమితి తగ్గించమని బ్యాంకులో అడిగితే చేస్తారు. కార్యదర్శులు 1930 నంబరును పాల ధరల పట్టిక ప్రక్కన పెద్ద అంకెలతో వ్రాయించవలెను. వచ్చే తనిఖీలో స్టాకు రిజిస్టరు కంటే ముందు అదే చూస్తాము.

ఆ సభ్యురాలు మరునాడు ఉదయం పాలకు వచ్చినపుడు గాని విషయం బయటపడలేదు. కార్యదర్శి అక్కడి నుండే 1930కు ఫోను చేయించారు. 18,400 రూపాయలలో 6,000 మాత్రం నిలిచినది. అది చేతికి రావటానికి నెలలు పట్టినది. గేదె కిస్తీకి గడువు కోరుతూ ఆమె పెట్టుకున్న అర్జీని పాలకవర్గం ఆ నెలలోనే ఆమోదించినది.

మెసేజి వచ్చిన నాలుగవ రోజున కూతురు పంపిన పార్సెలు వచ్చినది. ఆమె గుమ్మంలోనే నిలబడి, రెండు చేతులూ వెనక్కు పెట్టుకుని, "దీనికి ఎంత కట్టాలి నాయనా?" అని పోస్టుమాన్‌ను అడిగిందట. "ఏమీ లేదమ్మా, మీ అమ్మాయి అక్కడే కట్టింది. సంతకం పెట్టు" అన్నాడట ఆయన.